మాడని పప్పు, మోగిన అలారం

మీ ఇంట్లో పొగ లేకుండానే పొగ అలారం మోగితే, మీరు మొదట తలెత్తి సీలింగ్ వైపు చూస్తారా, లేక పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వైపు చూస్తారా?

తొందరపడి జవాబు చెప్పవద్దు. సీలింగ్ వైపే చూస్తామని అందరమూ అంటాం. సింగపూర్‌లో, బిషాన్ అనే పేటలోని ఒక కాండోమినియం అపార్ట్‌మెంట్లలో, మా పిన్ని కొడుకు ఇంట్లో, ఒక గదిలో నేను ఉంటున్నాను. అన్నయ్యా వదినా ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు. కారణం తెలియకుండా ఆఫీసులో ఒక్క ఈమెయిల్‌కు కూడా జవాబివ్వనివాళ్ళు. వాళ్ళ ఇంట్లో అలారం మోగిన మొదటి మధ్యాహ్నం ఇద్దరి చూపులూ ఒకేసారి వంటింటి గుమ్మం మీదికి వెళ్ళాయి. అక్కడ, రెండు చేతుల్లో పప్పు గిన్నె పట్టుకుని, ఆ మోతకు బిత్తరపోయి నిలబడింది ఆంటీ.

ఈ దేశంలో వయసులో పెద్దవాళ్ళందరూ అంకుల్, ఆంటీలే. మా ఇంట్లో మాత్రం 'ఆంటీ' అంటే ఆవిడ ఒక్కతే. మలేషియాలో పుట్టిన తెలుగు మనిషి. పెళ్ళయ్యాక భర్త పని కోసం ఇటు వచ్చారు. ఆయన పోయాక యీషున్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉంటూ, పొద్దున్నే ట్రైన్‌లో బిషాన్‌కు వచ్చి, మా కాండోలోనే మూడు తెలుగు ఇళ్ళలో వంట చేసేది. ఆవిడకు దుకాణం లేదు, బోర్డు లేదు. ఒక ఇంటివాళ్ళు మరో ఇంటికి చెప్పిన మంచిమాట మీదే ఆ మూడు తలుపులూ తెరుచుకున్నాయి. ఆ మాట చెడితే అవి మూసుకోవడానికి కూడా ఎక్కువ సమయం పట్టదు. ఈ కథలో పణంగా ఉన్నది అదే: ఆవిడకున్న మంచిపేరు.

ఆవిడ తెలుగు నాకు మొదట్లో వింతగా ఉండేది. మా అమ్మమ్మ నోట కూడా వినని పాతకాలపు మాటలు, వాటి మధ్య తమిళం, మలయ్. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయీ, మాకాన్ అయినాదా? ఆ కంప్యూటరు నీకు అన్నం పెట్టదు లా, లేచి రా," అని పిలిచేది. మాకాన్ అంటే భోజనం, 'లా' ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఊతపదం. ఆ పిలుపు విన్నాక ఏ మీటింగులోనైనా నా కడుపు ముందు లేచి వెళ్ళిపోయేది.

అలారం సంగతి అర్థం కావాలంటే ముందు వాసన సంగతి చెప్పాలి.

మా కాండోలో ఉన్న తెలుగువాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పండగ శుభాకాంక్షలు, పాత సోఫాల అమ్మకాలు, ట్యూషన్ టీచర్ల నంబర్లు అందులో తిరుగుతుంటాయి. అందులో వచ్చేవి అన్నయ్య ఫోన్లోనో వదిన ఫోన్లోనో నేనూ చదివేదాన్ని. ఒకరోజు ఒకావిడ అందులో రాసింది: "లిఫ్ట్ దిగగానే ఇంగువ, ఎండురొయ్యల వాసన. మన పరువు మనమే తీసుకుంటే ఎలాగండీ?" ఎవరి పేరూ రాయలేదు. కింద చాలామంది నమస్కారం పెట్టిన చేతుల బొమ్మలు పెట్టారు. వదిన ఆ వాక్యాన్ని తనకు వేసిన శిక్షలాగా తీసుకుంది.

ఆ రోజు నుంచి మా వంటింటికి కొత్త చట్టం వచ్చింది. కిటికీ తెరవకూడదు, అది ఎదురింటివాళ్ళు బట్టలు ఆరేసుకునే వైపు ఉంది. వంటింటి గాజు తలుపు వంట పూర్తయ్యేదాకా మూసే ఉండాలి. తలుపు కింది సందులో తడి తువ్వాలు దూర్చాలి. ఆ బిగించిన పెట్టెలో ఆంటీ నాలుగు పొయ్యిలూ వెలిగించి వండాలి. సింగపూర్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనవసరం లేదు. గోడ పలకల మీద చెమట పట్టినట్టు నీళ్ళు కారేవి. గాజు తలుపు అవతల ఆంటీ ఒక మసక ఆకారంలా కదిలేది. ఆ తువ్వాలు సాయంత్రానికి నూనె, ఆవిరి, నేల మీది మురికి పీల్చుకుని ఒక చచ్చిన జంతువులా పడి ఉండేది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వాషింగ్ మెషిన్లో వేసేటప్పుడు నాకు కలిగిన రోత తువ్వాలు మీద మాత్రమే కాదు.

"చాలా పానాస్‌గా ఉంది తల్లీ, ఆ జన్నల్ రవ్వంత తీస్తే పోదా?" అని ఆంటీ ఒకసారి అడిగింది. పానాస్ అంటే వేడి, జన్నల్ అంటే కిటికీ.

"కొన్నాళ్ళు ఓపిక పట్టండి ఆంటీ. మనవాళ్ళే మాట్లాడుకుంటున్నారు," అంది వదిన మెత్తగా.

ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఎందుకంటే అదే వదిన, ఏసీ వేసిన హాల్లో కూర్చుని, అదే ఎండురొయ్యల కూరను మారు అడిగి వడ్డించుకునేది. "ఈ రుచి మా అమ్మకు కూడా రాదు," అని వేళ్ళు నాకేది. తినడానికి గర్వం, వండడానికి సిగ్గు. ఆ సిగ్గును మోయవలసింది మాత్రం వండే మనిషి.

అలా వండుతున్న రోజుల్లోనే మొదటిసారి అలారం మోగింది. అది వంటింటి బయట, పడకగదులకు వెళ్ళే నడవాలో, సీలింగ్‌కు అమర్చిన తెల్లటి గుండ్రటి పరికరం. ఆంటీ పప్పు గిన్నె బయటికి తేవడానికి గాజు తలుపు జరిపింది. కొద్ది క్షణాలు ఏమీ లేదు. తరువాత చెవుల్లో సూదులు దింపినట్టు మోత. అన్నయ్య కూతురు, మా చిన్న పాప, చెవులు మూసుకుని సోఫా వెనక దూరింది. అన్నయ్య స్టూలెక్కి వార్తాపత్రికతో సీలింగ్‌కు విసరసాగాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. కింది నుంచి సెక్యూరిటీ మనిషి పైకి వచ్చాడు.

"ఏం మాడ్చారు ఆంటీ?" వదిన అడిగింది.

గమనించండి, 'ఏమైనా మాడిందా' అని కాదు. తీర్పు ముందు వచ్చింది, విచారణ తరువాత.

ఆంటీ గిన్నె మూత తీసి చూపించింది. పప్పు పచ్చగా, నిశ్చింతగా ఉంది. "మాడలేదు తల్లీ. చూడు. పొగ ఏదీ?"

పొగ లేదు. మాడు వాసన లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి నాలుగు గిన్నెల అడుగులూ చూశాను. ఒక్కదానికీ నల్లటి మరక లేదు. ఈలోగా గ్రూపులో ఎవరో అడిగారు: "ఎవరింట్లో అండీ ఆ అలారం?" అన్నయ్య స్టూలు దిగకుండానే జవాబు రాశాడు: "సారీ అందరికీ. మా వంటావిడ ఏదో మాడ్చారు. ఇప్పుడు అంతా ఓకే."

"అన్నయ్యా, ఏదీ మాడలేదు కదా?" అన్నాను.

"తెలుసులేవే. ఏదో ఒకటి రాయాలి కదా, గొడవ వదిలిపోతుంది."

గొడవ నిజంగానే వదిలింది, అతనికి. నవ్వు ముఖాల బొమ్మలు వరుసగా వచ్చాయి. "ఇంగువ అయిపోయింది, ఇక మాడు వాసనా?" అని ఒకాయన చమత్కరించాడు. అన్నయ్య దానికి కూడా ఒక నవ్వు ముఖం పెట్టాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆంటీకి తన గురించి ఒక వాక్యం పుట్టిందని తెలియదు.

కాలేజీలో నేను డిబేట్ జట్టులో ఉండేదాన్ని. మాకు మొదట నేర్పిన సూత్రం, ఆరోపించినవాడే రుజువు చేయాలి అని. రెండోది, ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు అని. ఆంటీ తలుపు తెరిచింది, అలారం మోగింది. కాబట్టి ఆంటీ మాడ్చింది. పోటీలో ఇలా వాదించిన జట్టును ఎదుటివాళ్ళు రెండు నిమిషాల్లో ఇంటికి పంపించేవారు. మా ఇంట్లో మాత్రం అది సాయంత్రానికల్లా చరిత్ర అయింది.

మళ్ళీ మోగింది. మళ్ళీ అదే తలుపు, అదే జవాబు. ఈసారి అన్నయ్య ఒక పరిష్కారం కనిపెట్టాడు. ఏదో హోటల్ నుంచి తెచ్చుకున్న, స్నానం చేసేటప్పుడు తలకు తొడుక్కునే ప్లాస్టిక్ టోపీని అలారానికి తొడిగి, రబ్బరు బ్యాండు బిగించాడు.

పాప తలెత్తి చూసి పడీ పడీ నవ్వింది. "డాడీ, వై సీలింగ్ బేదింగ్ ఆ?"

"స్మార్ట్ సొల్యూషన్, నాన్నా," అన్నాడు అన్నయ్య.

ఆ టోపీ కొన్నాళ్ళకు పసుపుపచ్చగా మారింది. దాని మడతల్లో నూనె పేరుకుంది. చిన్న చిన్న పురుగులు అతుక్కుని చచ్చాయి. ఆ నడవాలోనే పాప గది ఉంది. నిజంగా నిప్పంటుకుంటే ఆ పిల్లను నిద్ర లేపవలసిన ఏకైక పరికరం ముక్కూ నోరూ కట్టించుకుని, జిడ్డు ఓడుతూ వేలాడేది. పడుకోబోయే ముందు ప్రతిసారీ దాన్ని చూసేదాన్ని. "అన్నయ్యా, అది తీసేయ్," అంటే, "నీకు తెల్లవారితే ఆఫీసు లేదా?" అనేవాడు. నేను స్టూలెక్కి తీసేస్తే మర్నాటికి కొత్తది తొడిగి ఉండేది. హోటళ్ళు ఆ టోపీలను ఉచితంగా ఇస్తాయి మరి.

చివరికి కాండో మేనేజ్‌మెంట్ తరఫున పరికరాలు చూడడానికి వచ్చిన మనుషులు ఆ టోపీ చూసి, ఇలా కప్పకూడదని గట్టిగా చెప్పి తీయించారు. ఆ వారమే మళ్ళీ మోగింది. మళ్ళీ గ్రూపు, మళ్ళీ బొమ్మలు. ఈసారి ఆంటీ వంట చేసే ఇంకో ఇంటావిడ, అన్నయ్య రాసిన పాత వాక్యాలు చదివే కాబోలు, ఆవిడను మానిపించింది. "మా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు ఆంటీ, రిస్క్ తీసుకోలేం," అందట. మూడు తలుపుల్లో ఒకటి మూసుకుంది.

ఆ సంగతి చెబుతూ ఆంటీ ఏడవలేదు. ఉల్లిపాయ తరుగుతూ, "చెయ్యి కాలిందంటే ఒప్పుకుంటాను. కూర మాడిందంటే ఎట్టా ఒప్పుకునేది? చిన్నప్పటి నించి పొయ్యి కాడే ఉండాను కదా," అంది. అంతలో వదిన వచ్చి, గాజు తలుపు వారగా తెరిచి ఉందని చూసి మూసి, తువ్వాలును కాలితో సందులోకి తోసింది. ఆ కాలి విదిలింపు చూశాక నాకు ఇక మాటలతో పని లేదనిపించింది.

శనివారం ఆంటీ రాలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి నాలుగు పెద్ద గిన్నెల్లో వట్టి నీళ్ళు పెట్టాను. నూనె లేదు, పోపు లేదు, ఇంగువ లేదు. కిటికీ మూశాను, తలుపు మూశాను, తువ్వాలు దూర్చాను. వదిన చట్టాన్ని అక్షరం తప్పకుండా పాటించాను. నీళ్ళు తెర్లి తెర్లి మరిగాక, అన్నయ్యనూ వదిననూ నడవాలోకి పిలిచాను.

"ఏంటే ఇది, సైన్స్ ఎగ్జిబిషనా?" అన్నాడు అన్నయ్య.

"ఆడపడుచు అనిపించుకుంటోంది," అంది వదిన నవ్వుతూ.

తలుపు జరిపాను. ముఖానికి కొట్టిన వేడి గాలి మా తలల మీదుగా సీలింగ్‌ను రాసుకుంటూ నడవాలోకి పోయింది. అది పోవడం కంటికి కూడా కనిపించింది. ఏసీ చల్లదనం తగలగానే సన్నటి మంచులా తెల్లబడింది. అలారం మోగింది. పాప మళ్ళీ సోఫా వెనక దూరింది.

మోత ఆగాక చెప్పాను. ఈ పరికరానికి కళ్ళూ ముక్కూ లేవు. దాని లోపలి గదిలోకి సన్నటి కణాలు చేరితే అది పొగ అనుకుంటుంది. మూసిపెట్టిన వంటింట్లో కూడిన వేడీ ఆవిరీ ఒక్కసారిగా చల్లటి నడవాలోకి వస్తే, ఆ ఆవిరి బిందువులకూ పొగకూ తేడా దానికి తెలియదు. తరువాత కిటికీ బార్లా తెరిచి, తలుపు కూడా తెరిచి ఉంచి, అవే గిన్నెల్లో మళ్ళీ నీళ్ళు మరిగించాను. అలారం నోరు విప్పలేదు.

"టెక్నికల్‌గా నువ్వు చెప్పింది కరెక్టే," అన్నాడు అన్నయ్య.

"అయితే గ్రూపులో రాయి. మాడలేదు, మేం కిటికీ మూయడం వల్ల మోగింది అని."

"ఇప్పుడెందుకే? అందరూ మరచిపోయారు."

"ఆ ఇంటావిడ మరచిపోలేదు కదా. పని మానిపించింది."

"అది వాళ్ళ నిర్ణయం. మధ్యలో మనమేంటి?"

వదిన బాధ వేరు. "కిటికీ తెరిస్తే వాసన ఎదురింటికి పోతుంది. వాళ్ళు చైనీస్ వాళ్ళు. ఏమనుకుంటారు?"

ఏమనుకుంటారో ఊహించుకునే బదులు అడగవచ్చు. ఎదురింటి తలుపు తట్టాను. అక్కడి అంకుల్ బనియనుతో బయటికి వచ్చాడు. వంట వాసన గురించి అడిగితే ఆయనకు మొదట ప్రశ్నే అర్థం కాలేదు. "స్మెల్ ఆ? గాట్ లా, ఆఫ్ కోర్స్ గాట్. నేను బెలచాన్ వేయిస్తే మీకు రావడం లేదా?" అన్నాడు తన ఇంగ్లీషులో. బెలచాన్ అంటే రొయ్యల ముద్ద. వేయిస్తే అంతస్తంతా తెలుస్తుంది. తరువాత వేలు చూపించి గట్టిగా అన్నాడు: "అలారం మాత్రం కెనాట్. మా ఆవిడకు ఒంట్లో బాలేదు. మధ్యాహ్నం నిద్ర పట్టదు."

అంటే ఎవరి ముక్కు కోసం మేం కిటికీ మూశామో ఆయన ముక్కుకు పట్టింపు లేదు. ఆ మూయడం వల్ల పుట్టిన మోత ఆయన భార్య నిద్ర చెడగొడుతోంది. వచ్చి ఈ మాట చెబితే వదిన పెదవి విరిచింది. "మొహం మీద ఎవరైనా చెప్తారా? నీకు లోకం తెలీదు."

ఆదివారం వదిన ఆంటీతో, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, మళ్ళీ పిలుస్తాం," అంది. పిలవరని గదిలో అందరికీ తెలుసు. ఆంటీ సంచి సర్దుకుంది. పని గురించి ఏమీ అడగలేదు. "తల్లీ, నేను మాడ్చలేదని మాత్తరం ఆ ఇంటోళ్ళకు ఒక మాట చెప్పు," అంది.

"అయ్యో, తప్పకుండా ఆంటీ," అంది వదిన, అంతే మెత్తగా.

చెప్పలేదు. నేను ఆ గ్రూపులో లేను. ఇళ్ళున్నవాళ్ళకే అందులో చోటు. చేర్చమంటే అన్నయ్య చూద్దామన్నాడు. దాంతో నేనే ఆ ఇంటికి వెళ్ళి, నీళ్ళ ప్రయోగమంతా గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆవిడ తలుపు సగమే తెరిచి శ్రద్ధగా విన్నది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చమ్మా. కానీ రాసింది మీ అన్నయ్యే కదా. ఆయన రాస్తే అప్పుడు చూద్దాం," అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆవిడ అడిగిన సాక్ష్యం న్యాయమైనదే.

ఇప్పుడు మా ఇంటికి భోజనం ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తుంది. పొయ్యి వెలగదు. అయినా మొన్న ఉదయం అలారం మోగింది. అన్నయ్య తలుపులు బిగించుకుని పొగలు కక్కే వేడినీళ్ళతో చాలాసేపు స్నానం చేసి, నడవాలోకి తెరుచుకునే బాత్రూమ్ తలుపు బార్లా తీశాడు. అదే వేడి, అదే ఆవిరి, అదే పరికరం. తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని స్టూలెక్కి వార్తాపత్రికతో విసిరాడు. వదిన కంగారుగా వచ్చి, "జారతారు, జాగ్రత్త," అంది. 'ఏం మాడ్చారు?' అని అడగలేదు.

గ్రూపులో ఏం రాశావని అడిగితే ఫోను చూపించాడు. "అలారం టెస్టింగ్ అండీ. సారీ."

నేను నా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆంటీ గురించి రాసిన వాక్యాలు ఆ ఫోన్లో పైన ఎక్కడో అలాగే ఉన్నాయి. ఆమెకు మిగిలిన ఒక్క ఇల్లూ ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆ వాక్యాలను దిద్దగల మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను దుర్మార్గుడు కాడు, క్రూరుడు కాడు. తన మాట వల్ల మరొకరికి జరిగే నష్టం కన్నా, తన మాట తప్పు అని ఒప్పుకోవడం పెద్ద ఇబ్బంది అనుకునే మర్యాదస్థుడు. అలాంటి మర్యాదస్థులు మన గ్రూపుల నిండా ఉన్నారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ పూట పొయ్యి వెలిగించే ముందు వంటింటి కిటికీ తెరవండి. అలారానికి ఏది తొడిగి ఉన్నా ఊడదీయండి. మీ ఇంట్లో వండిపెట్టిన మనిషి గురించి, గిన్నె అడుగు చూడకుండా, ఏ గ్రూపులోనైనా ఏ గుమ్మం దగ్గరైనా ఒక్క మాట అని ఉంటే, దాన్ని అదే చోట, అదే మనుషులు చదివేలా, మీ పేరుతో ఇవాళే వెనక్కి తీసుకోండి.